తీగ పలుకునకు గొంతుక
గృహమునకు తగిన ఆంప్లిఫైయరును, స్పీకరు పెట్టెను ఎంచుకొను విధము

బియ్యమును అరచేతిలో పోసికొని నూకను, రాతిని కనిపెట్టుట మనకు తెలియును. చీరను వెలుతురునకు పట్టి నేత నెంచుట తెలియును. బంగారమును ఒరపెట్టించి గాని కొనము. అట్టి మనమే, పిల్లలు వచ్చి “అమ్మా, గిటారునకు ఆంప్లిఫైయరు కావలెను” అని యడిగిన దినమున దిక్కు తోచక, అమ్మువాని మాటనే ప్రమాణముగా గైకొందుము. మేమును అట్లే చేసితిమి. రెండేండ్లు నెలనెల కట్టిన చీటి సొమ్ములో నుండి 15,000 రూపాయలు వెచ్చించి తెచ్చిన వస్తువు మూడవ రాత్రియే పొగ చిమ్మి మూగవోయెను. ఆ పొగ మాకు నేర్పిన పాఠమును తక్కిన గృహిణులు డబ్బు చెల్లింపకయే నేర్చుకొందురుగాక యని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

“ఈ విషయము స్త్రీల పత్రికలో నేల?” యని కొందరు శంకింపవచ్చును. ఇంట వీణ యున్న కాలమున దాని తీగలు, మేళము, మైనపు కట్టు మొదలగు వాని మంచిచెడ్డలు ఇంటి స్త్రీలే కనిపెట్టుచుండిరి. నేడు తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె వంటి పట్టణములలో బాలబాలికల చేత గిటారు కానవచ్చుచున్నది. ప్రార్థనామందిరములలో క్రైస్తవ సోదరీమణులు దానిని వాయింతురు; కళాశాలల వార్షికోత్సవములలో విద్యార్థినులు వాయింతురు. వాద్యము మారెను గాని, ఇంటి సొమ్మును చూచి వాడవలసిన బాధ్యత మారలేదు గదా!

తీగకు సహాయమేల?

గిటారులు రెండు విధములు. గుల్లయైన పెద్ద కడుపు గలది యొకటి. దానికి తన కడుపే ధ్వనిపేటిక. ఇంటిలో వాయించుకొనుటకు దానికి మఱియే సహాయమును అక్కఱలేదు. పలకవలె దిట్టమైన కొయ్యతో చేయబడిన విద్యుద్గిటారు రెండవది. దీని తీగను మీటినచో దోమ పాటవలె సన్నని ధ్వని మాత్రమే వెలువడును. తీగల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు వెండ్రుక కంటె సన్నని రాగితీగ చుట్టయు నమర్చియుందురు. ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించి, ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఇది 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే. ఆ స్వల్ప విద్యుత్తును బలపఱచునది ఆంప్లిఫైయరు; బలపడిన విద్యుత్తును మరల గాలిలో ధ్వనిగా మార్చునది స్పీకరు. కావున విద్యుద్గిటారు మాత్రము కొని ఆంప్లిఫైయరు వద్దనుట ఏనుగు నిచ్చి అంకుశమునకు వెనుదీసినట్లగును.

విద్యుత్తుతో పలుకు వాద్యము మన సంగీతమునకు తగదను భ్రమ యొకప్పుడుండెను. ఆ భ్రమను పోగొట్టినవాడు మన తెలుగు బిడ్డయే. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున మాండొలిన్‌పై కచేరి చేసి పెద్దలను విస్మయపఱచెను. మామూలు మాండొలిన్‌నకు జంట తీగలుండును. దాని నాదము మీటిన వెంటనే తగ్గిపోవును. గమకమునకు తీగ సాగవలెను, నాదము నిలువవలెను. అందుచే ఆయన 5 ఒంటితీగలు గల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టెను. 1998లో పద్మశ్రీ బిరుదము నందిన ఆ విద్వాంసుడు 2014లో 45 ఏండ్ల వయస్సుననే పరమపదించెను. ఆయన నాదములోని మార్దవమును విన్నవారెవ్వరును “ఇది యంత్రపు కూత” యని యనజాలరు. యంత్రము గొంతుకను మాత్రమే యిచ్చును. పలుకవలసినది వాయించువాని వ్రేలే.

వాల్వులా, ట్రాన్సిస్టర్లా?

ఆంప్లిఫైయర్లలో రెండు జాతులు కలవు. గాజు బుడ్లవంటి వాల్వులతో పని చేయునది పాతది. మన తాతల కాలపు రేడియోలు వెలిగించిన పిమ్మట కొంతసేపు వేడెక్కి గాని పలుకకుండుటకు కారణము ఆ వాల్వులే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. దానిని కనుగొనినందులకు బార్డీన్, బ్రాటైన్, షాక్లీ యను మువ్వురకు 1956లో నోబెల్ బహుమానము లభించెను. మనవారు చిన్న రేడియోనే ‘ట్రాన్సిస్టర’ని పిలుచుట యిందువలననే. ఈ రెండవ జాతి ఆంప్లిఫైయరును దుకాణములలో ‘సాలిడ్ స్టేట్’ అందురు. గాజులేని, శూన్యనాళములేని, ఘనపదార్థముతోనే పని చేయునదని యర్థము.

గిటారు విద్వాంసులలో వాల్వులయందు అభిమానము మెండు. గట్టిగా వాయించినప్పుడు వాల్వులు ధ్వనిని మెల్లగా నొత్తి, ఒక విధమైన తీయని బొంగురును పుట్టించును. ట్రాన్సిస్టరు అట్లు గాక, తన శక్తి దాటగనే ధ్వని శిఖరమును కత్తితో కోసినట్లు ఖండించును. అది చెవికి గరుకుగా నుండును. కాని గృహిణి చూడవలసిన ప్రక్క వేఱొకటి కలదు. వాల్వులు కాలక్రమమున అరిగి, మార్పవలసివచ్చును, వాని వెల యెక్కువ, వానికి కావలసిన విద్యుత్పీడనము వందల వోల్టులు, పెట్టె బరువు, కుదుపునకు గాజు పగులును. ట్రాన్సిస్టరు ఆంప్లిఫైయరు వెల తక్కువ, బరువు తక్కువ. మీట నొక్కగనే పలుకును. చక్కగా వాడినచో ఏండ్ల తరబడి యేమియు మార్పనక్కఱలేదు. పైగా నిర్మలమైన నాదమునకు ఇదియే మేలనువారును కలరు. జపానులోని రోలండ్ సంస్థ 1975లో వెలువరించిన జాజ్ కోరస్ 120 అను యంత్రము సాలిడ్ స్టేటే. 60 వాట్ల ఆంప్లిఫైయర్లు రెండు, 12 అంగుళముల స్పీకర్లు రెండు దానిలో నుండును. దాని స్వచ్ఛమైన ధ్వనికి జగమెల్ల ఖ్యాతి వచ్చెను. కావున తక్కువ వెలది గదా యని చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు.

మా పొగ కథ

మా పెద్దమ్మాయి కళాశాల వార్షికోత్సవమున గిటారు వాయించుటకు ఒప్పుకొన్నది. అంతకు ముందటి యేడు అదే వేదికపై అరువు తెచ్చిన చిన్న పెట్టెతో వాయింపగా, తబలా మ్రోతలో ఆ పిల్ల గిటారు ఒక్క స్వరమైనను వినబడలేదు. ఇంటికి వచ్చి “నేను వాయించినట్లు నాకే తెలియలేదమ్మా” అని కన్నీరు పెట్టుకొనెను. ఆ మాట మా మనస్సులో నాటుకొని, చీటి సొమ్ము చేతికి రాగానే పాత సామాను అమ్ము ఒకానొక వ్యాపారియొద్ద రెండు వస్తువులు కొంటిమి: ఆంప్లిఫైయరు మాత్రమే గల ‘హెడ్డు’ ఒకటి, స్పీకర్లు మాత్రమే గల పెట్టె యొకటి. హెడ్డు 50 వాట్లది. పెట్టెలో 12 అంగుళముల స్పీకర్లు రెండు. “రెండు స్పీకర్లమ్మా, ఊరంతా వినపడుతుంది” అని యతడు చెప్పగా మేము సంతోషించితిమి.

మొదటి రెండు రాత్రులు ఊరంతయు కాకున్నను వీధి యంతయు వినబడెను. మూడవ రాత్రి హెడ్డు వెనుకభాగము పెనమువలె కాలెను. ఏదో కమురు వాసన వచ్చెను. మీట ఆర్పులోపల సన్నని పొగ లేచి ధ్వని నిలిచిపోయెను. ఇంట ఎవ్వరును మమ్ము నొక్క మాట యనలేదు. మావారు కిటికీ తలుపులు తెఱచిరి. అత్తగారు జపమాలను ప్రక్కన బెట్టి చూచుచుండిరి. వారు దూషించియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

మఱునాడు మా వీధి చివర టీవీలు బాగుచేయు ముసలాయన యొద్దకు ఆ రెంటిని ఆటోలో తీసికొనిపోతిమి. ఆయన హెడ్డు వెనుకనున్న చిన్న యక్షరములను కన్నద్దములు పెట్టుకొని చదివి, “అమ్మా, తప్పు మిషనుది గాదు, పెట్టెది గాదు. రెండింటికీ పెండ్లి కుదర్లేదు, అంతే” అనెను. అక్కడ ‘కనిష్ఠము 8 ఓములు’ అని యింగ్లీషున వ్రాసియున్నది. మేము దానిని చూచియుంటిమి. కాని అర్థము చేసికొనలేదు.

ఓము అను నియమము

ఓము అనగా విద్యుత్తు ప్రవహించుటకు కలుగు నిరోధము. ఇంటి మీది నీళ్ల తొట్టిని తలచుకొనుడు. ఒక గొట్టము విప్పిన కొంత నీరు పోవును. ప్రక్కప్రక్కన రెండు గొట్టములు విప్పినచో రెట్టింపు నీరు పోవును. ఆ తొట్టిని నింపు మోటారు రెట్టింపు శ్రమపడవలెను. అట్లుగాక ఒక సన్నని గొట్టము చివర మఱియొక సన్నని గొట్టము తగిలించినచో నీరు సగమే పోవును. మోటారునకు శ్రమ తగ్గును.

మేము కొనిన పెట్టెలోని స్పీకర్లు ఒక్కొక్కటి 8 ఓములవి. వానిని ప్రక్కప్రక్కన, అనగా సమాంతరముగా, కలిపియుండిరి. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరముగా గలిపిన మొత్తము 4 ఓములు. మా హెడ్డు 8 ఓములకు తక్కువ సహింపనిది. తన శక్తికి మించిన ప్రవాహము నీయబోయి, దాని చివరి ట్రాన్సిస్టర్లు కాలిపోయెను. అదే రెండు స్పీకర్లను వరుసగా, ఒకదాని తరువాత నొకటిగా కలిపినచో మొత్తము 16 ఓములు. సాలిడ్ స్టేట్ యంత్రమునకు ఎక్కువ ఓములవలన హాని లేదు. వాట్లు మాత్రము తగ్గును. 8 ఓములయొద్ద 50 వాట్లిచ్చునది 16 ఓములయొద్ద సుమారు 25 వాట్లిచ్చును. ఈ యొక్క నియమమును కొంగుముడి వేసికొనుడు: స్పీకరు పెట్టె ఓములు ఆంప్లిఫైయరు కోరిన కనిష్ఠముతో సమానముగా గాని, అంతకు ఎక్కువగా గాని యుండవలెను, ఎన్నడును తక్కువ యుండరాదు. వాల్వు యంత్రముల నియమము వేఱు; వానికి సరియైన ఓములే కావలెను, స్పీకరు తగిలింపక నడపరాదు.

ముసలాయన కాలిన ట్రాన్సిస్టర్లను మార్చి, పెట్టెలోని రెండు తీగలను విప్పి వరుసగా నతికెను. క్రొత్త భాగము ఒక్కటియు లేకయే పెట్టె పని ముగిసెను. కొనునాడు ఓములను గూర్చి యొక్క ప్రశ్న వేసియున్నచో ఆ ఖర్చును, ఆ రాత్రియు తప్పియుండును.

“50 వాట్లు 25 అయిన, ధ్వని సగము గాదా?” యని మేము దిగులుపడితిమి. కాదు. మన చెవి లెక్క వేఱు. వాట్లు రెట్టింపయినచో ధ్వని 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగును. చెవికి రెట్టింపుగా తోచుటకు వాట్లు సుమారు 10 రెట్లు కావలెను. అనగా 100 వాట్ల యంత్రము 10 వాట్లదానికంటె సుమారు రెట్టింపు గట్టిగా మాత్రమే వినబడును. ఈ లెక్క తెలియక ఎందఱో అనవసరముగా పెద్ద వాట్లకు పెద్ద వెల చెల్లించుచున్నారు.

వాట్ల మాయ

వాట్లను జూచునపుడు ‘ఆర్‌ఎంఎస్’ అను నంకెనే నమ్మవలెను. ఎడతెగక ఇయ్యగల శక్తి యది. పీఎంపీవో యని వేలకొలది వాట్లు పెట్టెమీద అచ్చువేసిన వస్తువులను చూచియుందురు. క్షణమాత్రపు శిఖరమును మఱింత పెంచి వ్రాసిన అంకెయది. దానిని లెక్కలోనికి తీసికొనరాదు. ఇంటిలో అభ్యాసమునకు 10 మొదలు 20 వాట్లు చాలును. చిన్న సభలో మృదంగము, తబలాలతో కలిసి వాయించుటకు 12 అంగుళముల స్పీకరుతో 30 మొదలు 60 వాట్లు తగును. అంతకు మించిన వేదికపై ఆంప్లిఫైయరు ముందు మైకు నుంచి, సభలోని పెద్ద స్పీకర్లకు పంపుదురు; గిటారు యంత్రమే ఊరిని కప్పవలసిన పని లేదు. పిట్ట కొంచెము కూత ఘనము.

స్పీకరుపై మఱియొక అంకె యుండును: 1 వాటు శక్తికి 1 మీటరు దూరమున ఎన్ని డెసిబెళ్లిచ్చునో తెలుపునది. 97 డెసిబెళ్ల స్పీకరు 94 డెసిబెళ్ల దానికంటె సగము వాట్లతోనే అంత ధ్వని యిచ్చును. కావున వాట్లకు డబ్బు పోయుటకంటె మంచి స్పీకరునకు పోయుట పొదుపు. స్పీకరు సహింపగల వాట్లు ఆంప్లిఫైయరు వాట్లకంటె కొంత యెక్కువగా నుండవలెను.

పెట్టెను చూచు విధము

మన చిత్తూరు సీమ పల్లెలలో భారతము జరుగునపుడు వేపచెట్టుకు కట్టిన కొమ్ము స్పీకర్ల నెఱుగనివారెవ్వరు? పదునెనిమిది దినములును హరికథ ఊరిబయటి మడులలోనికి వినబడును. కొమ్ము మాటను దూరము పంపును గాని, మంద్రస్వరమును పలుకజాలదు. గిటారు అట్టడుగు తీగ సెకనుకు 82 సారులు కంపించును. దానికి వెడల్పు కాగితపు స్పీకరు కావలెను. 8 అంగుళములది గదికి, 12 అంగుళములది సభకు యుక్తము.

గిటారు స్పీకరు మామూలు పాటల స్పీకరు గాదు. సుమారు 5,000 కంపనములకు పైనున్న తీవ్రధ్వనిని అది బొత్తిగా తగ్గించివేయును. ఆ తగ్గింపువలననే గిటారు గరుకుదనము కరగి వినసొంపగును. కనుక భజనకు వాడు ఆంప్లిఫైయరుతోనే గిటారును వాయింపవచ్చునా యని యడిగినచో, స్వచ్ఛముగా వాయించినపుడు పనికివచ్చును, బొంగురు ధ్వనిని చేర్చినపుడు చెవులు గీరినట్లుండును. గిటారు పెట్టెలో గాత్రము పాడినచో దుప్పటి చాటున పాడినట్లుండును. దేని పని దానిదే.

పెట్టె వెనుక మూసియున్నచో మంద్రము బిగువుగా, ధ్వని ముందునకు సూటిగా పోవును. వెనుక తెఱచియున్నచో గదియంతయు నిండును గాని మంద్రము పలుచనగును. ఇంటికి తెఱచినదియు, సభకు మూసినదియు మేలు. కొయ్యలో ప్లైవుడ్డు శ్రేష్ఠము; పొట్టు అదిమి చేసిన పలక అగ్గువయే గాని, వానకాలపు తేమకు ఉబ్బి మేకులు వదలును. మూలల నొక్కి చూచి, ఒక ప్రక్క నెత్తి చూచి, లోపల గలగల లేదని తెలిసికొనవలెను.

కొనునపుడు చేయవలసిన పరీక్షలు

తిరుపతివారు చెన్నైకి, మదనపల్లె ప్రక్కవారు బెంగుళూరునకు పోయి కొనుట వాడుక. చెన్నైలో 1842 నాటినుండి వాద్యములమ్ముచున్న మ్యూజీ మ్యూజికల్ వంటి దుకాణములు కలవు, విద్యుత్సామగ్రికి రిచీ వీధి ప్రసిద్ధము, బెంగుళూరున ఎస్.పి. రోడ్డు కలదు. ఎక్కడ కొనినను మీ పిల్లల గిటారును వెంట తీసికొనిపొండు. దుకాణములోని మంచి గిటారుతో ఏ పెట్టెయైనను మంచిగనే పలుకును.

గిటారు తగిలింపక ముందు ధ్వని మీటను పూర్తిగా త్రిప్పి వినుడు. సన్నని బుసబుస సహజము. ‘హుం’ అను గట్టి మ్రోత దోషము. ప్రతి మీటను అటునిటు త్రిప్పుడు. గరగరలాడినచో లోపల దుమ్ము చేరినదని గాని, అరిగినదని గాని యర్థము. స్పీకరు కాగితమును రెండు చేతుల వ్రేళ్లతో సమముగా, అతిమెల్లగా లోపలికి నొక్కుడు. రాపిడి తగిలినచో తీగచుట్ట చెడినది. పాత పెట్టె కొనునపుడు మల్టీమీటరు గలవారిని వెంట నుంచుకొనుడు: 8 ఓముల స్పీకరు ఆ మీటరులో 6 మొదలు 7 వఱకు చూపుట సహజము. 3 చూపినచో అది 4 ఓముల పెట్టె యని గ్రహింపవలెను. ఈ యొక్క పరీక్ష చేసియున్నచో మా చీటి సొమ్ము పొగ కాకుండెడిది.

విదేశమునుండి వచ్చిన పాత యంత్రమైనచో వెనుకనున్న వోల్టుల సంఖ్యను చదువుడు. మన విద్యుత్తు 230 వోల్టులు; అమెరికాది 120 వోల్టులు. అక్కడి యంత్రమును ఇక్కడి గోడకు నేరుగా తగిలించిన ఆ క్షణముననే కాలును. హెడ్‌ఫోను తగిలించు రంధ్రము తప్పక యుండవలెను. పరీక్షల కాలమున చదువుకొను తమ్ముని, నిద్రించు ముసలివారిని అది రక్షించును.

ప్రాణరక్షణ, ఇరుగుపొరుగు

వెలకంటె ముఖ్యమైనది యొకటి కలదు. గిటారు తీగలు లోహము. వాయించువారి చేయి ఎల్లవేళల వానిపై నుండును. ఆ తీగలు ఆంప్లిఫైయరు ఎర్తుతో కలిసియుండును. ఇంటి ఎర్తు సరిగా లేనిచో, లోపల నేదైన తప్పు కలిగిన క్షణమున తీగలే ప్రాణాంతకములగును. మూడుకాళ్ల ప్లగ్గులో ఎర్తుకాలును విఱుచుట, రెండు రంధ్రముల ప్లగ్గులో దూర్చుట మహాపాపమని పిల్లలకు చెప్పుడు. నేలలోని గుంటలో బొగ్గు, ఉప్పు వేసి నీరు పోయుచు కాపాడిన పాత ఎర్తు ఎండిపోయినదేమో విద్యుత్పనివారిచే వేసవికి ముందు చూపింపవలెను. తడి కాళ్లతో, తడి నేలపై వాయింపరాదు. మైకు ముందు పాడుచు గిటారు వాయించునపుడు రెంటిని ఒకే ప్లగ్గుల వరుసకు తగిలించుట మేలు. పెదవికి జిల్లుమన్నచో వెంటనే ఆపవలెను.

గిటారునుండి ఆంప్లిఫైయరునకు పోవు తీగ వేఱు, ఆంప్లిఫైయరునుండి స్పీకరునకు పోవు తీగ వేఱు. చివరలు ఒక్కరీతిగా కనబడినను మార్చి వాడరాదు. మొదటిది పైన వలకప్పు గల సన్ననిది. స్పీకరునకు వాడిన అది వేడెక్కును. రెండవది కప్పులేని లావుపాటిది. గిటారునకు వాడిన ఇంటిలోని మ్రోతలన్నియు పలుకును. యంత్రము వెనుక జానెడు జాగా విడువవలెను. మన సీమ వేసవిలో గోడకు ఆనించినచో వేడి పోవు మార్గముండదు. మీద బట్ట కప్పునది ఆర్పి చల్లారిన పిమ్మటనే.

ధ్వనికి హద్దు ధర్మముచేతను కలదు, చట్టముచేతను కలదు. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాసస్థలములలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు మేర. రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు రాత్రిగా లెక్క. చెవికిని హద్దు కలదు: 85 డెసిబెళ్ల ధ్వనిని దినమున 8 గంటలకు మించి వినరాదు, 3 డెసిబెళ్లు పెరిగినకొలది ఆ కాలము సగమగును. పిల్లలు పెట్టెకు చెవి దగ్గఱగా కూర్చుండుటను మాన్పింపవలెను.

వీణ పలికిన దినము

వార్షికోత్సవమున మా యమ్మాయి గిటారు వినబడెను. 25 వాట్లే; తబలాయు వినబడెను, గిటారును వినబడెను. సభలో వెనుక వరుసనుండిన మావారు ఇంటికి వచ్చి “ప్రతి స్వరమును విన్నాను” అని మాత్రము పలికిరి.

అంతటితో కథ ముగియలేదు. మా అత్తగారి వీణ ఐదేండ్లుగా గుడ్డకప్పుక్రింద నుండెను. వ్రేళ్ల కీళ్లు పట్టి, గట్టిగా మీటలేక, మీటిన ధ్వని తమకే వినబడక వారు మానివేసిరి. ఒక సాయంకాలము మా యమ్మాయి “అవ్వా, నీ వీణకు కూడా దీన్ని తగిలిస్తే?” అని యడిగెను. వీణకు గిటారు అయస్కాంతము పనికిరాదు. మంద్రపు తీగలు ఇత్తడివి గదా, అయస్కాంతమునకు ఇత్తడి పలుకదు. కుండపై నతికించు బిళ్ళవంటి కాంటాక్టు మైకు కావలెను. ఒత్తిడి తగిలినచో విద్యుత్తు పుట్టించు స్ఫటికములను 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ బిళ్ళ పని చేయునది ఆ సూత్రముననే. దానికిని ఆంప్లిఫైయరునకును నడుమ ‘ప్రీయాంపు’ అను చిన్న డబ్బీ యున్నచో ధ్వని పలుచబడకుండును. ఈ రెంటి వెల గిటారు యంత్రపు వెలలో కొద్దిపాలు మాత్రమే.

వాల్వు యంత్రమైయున్నచో ఆ బొంగురు వీణకు నప్పకుండెడిదేమో! సాలిడ్ స్టేటు వారి నిర్మలత్వమిక్కడ వరమయ్యెను. గిటారు స్పీకరు గనుక వీణలోని పైమెఱుగు కొంత తగ్గినమాట నిజము. తీవ్రస్వరపు మీటను కొంచెము పెంచి సరిచేసితిమి. అత్తగారు వ్రేలి కొనతో, పువ్వును తాకినట్లు మీటిరి. మోహన రాగమున షడ్జము గదినిండ నిలిచెను. వారు మీటుట ఆపి, కొంతసేపు పెట్టెవంక చూచి, “బిళ్ళను ఇంకొంచెం పక్కకు జరపవే, పంచమం దబ్బుమంటోంది” అని మనుమరాలితో ననిరి. ఐదేండ్ల తరువాత వారు ఇంటిలో శ్రుతిని గూర్చి పలికిన మొదటి మాటయది.

కావున సోదరీమణులారా! పిల్లలు ఆంప్లిఫైయరు అడిగినపుడు వెంటనే కాదనకుడు, వెంటనే కొనకుడు. ఓములు సరిచూడుడు, వాట్లకు మోసపోకుడు, ఎర్తును పరీక్షింపుడు, మీ గిటారుతోనే వినుడు. మీ యింట గుడ్డకప్పుక్రింద నున్న వాద్యమేదైన నున్నచో దానిని గూడ ఒకసారి తలచుకొనుడు.